విరిగిన చేతికి పెట్టిన ముద్ద

ఆ ఊళ్ళో నాకు తగిలిన మొదటి దెబ్బ చేట దెబ్బ. నేనెవరో ఇంకా చెప్పుకోనేలేదు. గడప మీద కాలు పెట్టానో లేదో, లోపలి నుంచి ఒకావిడ విసురుగా వచ్చి చేతిలోని చేటతో నా భుజం మీద ఒకటి, మోచేతి మీద ఒకటి వేసింది. చేటతో తన్నులు తినడమంటే ఎంత అప్రతిష్టో తెలుగింట్లో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. చేట అంచు పట్టుకుని లాగాను. ఆమె వదల్లేదు. గడపకు అటొకరం ఇటొకరం నిలబడి పెనుగులాడుతుంటే వెదురు బద్దలు నా అరచేతిలో గుచ్చుకుని రక్తం వచ్చింది.

"ఆవాల వగ్గరణ వాసనేసుకోని వచ్చినావు గదే! నీ చీర కంపుకే నా పురుగులన్నీ సచ్చిపోతాయి. పో అవతలికి!"

ఆ ఇంట్లో పట్టుపురుగులు పెంచుతున్నారు. లోపల పురుగులున్నన్నాళ్ళూ తిరగమోత పెట్టరు, వెల్లుల్లి దంచరు, బీడీ ముట్టించరు. ఘాటు తగిలితే పురుగు మేత మానేస్తుందని నమ్మకం. పరాయివాళ్ళు గడప తొక్కకూడదు. నేనేమో పొద్దున్నే ఇంట్లో ఉప్మా చేసుకుని తిని, ఆ చీరతోనే బస్సెక్కి, బేతమంగళలో దిగి, చెరువు కట్ట మీదుగా నడిచి వచ్చాను. "గర్భిణీ స్త్రీలకు ఆరోగ్యం గురించి రెండు మంచి మాటలు" చెబుదామని.

దెబ్బలు నాకు కొత్త కావు. నేను కోలారు బంగారు గనుల ఊళ్ళో పుట్టి పెరిగాను. గనులు సర్కారు చేతికి వచ్చిన తర్వాత మా నాన్న అక్కడి ఆఫీసులో గుమాస్తా. భూమి లోపల ఎక్కడో రాయి పేలితే పైన మా ఇల్లు ఊగేది. అటక మీది సత్తు గిన్నెలు నెత్తిన పడేవి. దాన్ని అందరూ ఏర్‌బ్లాస్ట్ అనేవాళ్ళు, అని మళ్ళీ పనిలో పడేవాళ్ళు. జీతాల రోజు సాయంత్రం సారాయి అంగడి ముందు తలలు పగిలేవి. మా అమ్మ చేతికి గరిటె దొరికితే గరిటె, అప్పడాల కర్ర దొరికితే అప్పడాల కర్ర. అలాంటి చోట పెరిగినదాన్ని రెండు చేట దెబ్బలకు వెనక్కి తిరిగిపోతానా? అవతలి అరుగు మీద కూర్చుని చేతిలోని బద్దలు ఒక్కొక్కటే పీక్కున్నాను. ఆమె తలుపు సందులోంచి చూస్తూనే ఉంది.

నా ఉద్యోగం సర్కారు పెట్టిన పిల్లల కేంద్రంలో, ఊరివాళ్ళకు టీచరమ్మను. బడి పక్కన ఒక గది, గదిలో పొయ్యి, రెండు పెద్ద గిన్నెలు, పుష్టిపిండి బస్తాలు. రాగులు, పెసలు, వేరుశనగలు వేయించి దంచిన పిండి అది, బెల్లం వేసి జావ కాస్తే మంచి రుచిగా ఉండేది. పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు అది కడుపునిండా పెట్టాలి. తినే విధం, శుభ్రం, కాన్పు జాగ్రత్తలు చెప్పాలి. గర్భిణులు నా కళ్ళ ముందే తాగి వెళ్ళాలన్నది నియమం. ఆ నియమం ఎందుకు పెట్టారో నాకు త్వరలోనే తెలిసింది. వాళ్ళు వీళ్ళు బతిమాలితే జాలిపడి పిండి ఇంటికి పంపాను. అది ఆ ఊళ్ళోని పాడి ఆవుల కుడితిలోకి పోయింది. ఆవులు మాత్రం నిగనిగలాడాయి, చెప్పొద్దూ.

చేట దెబ్బ వేసినావిడ ఇల్లు సరిగ్గా మా కేంద్రానికి ఎదురుగా. ఆమెకు ఒక్కడే కొడుకు, ఆ కొడుక్కు పెళ్ళాం. కోడలు అప్పుడు నిండు చూలాలు కాదు, కడుపు కాస్త కనపడే రోజులు. అంతకు ముందు ఇద్దరు పుట్టి పోయారు. ఇద్దరూ పిడికెడంత పుట్టారట. ఒకరు ఏడవనే లేదు, ఇంకొకరు ఏడ్చి ఏడ్చి ఆపేశారు. ఇది మూడోది. ఆమె మెడ ఎముకల మధ్య గుంటలు చూస్తే ఈ బిడ్డ కూడా దక్కదని నాకనిపించింది. ఆ మాట అనుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చి, ఈ బిడ్డను ఎలాగైనా బతికించాలని పంతం పట్టాను.

ఆ ఇంట్లో పురుగులకు ఆకు వేసేది కోడలే. ఆమె చేతి గుణం మంచిదని ఊరంతా చెప్పుకునేవాళ్ళు. చేతులు బూడిదతో తోముకుని, లేత మల్బరీ ఆకు సన్నగా తరిగి తట్టల మీద చల్లేది. పురుగులు పెద్దవయ్యేకొద్దీ ముదురాకు, పగలూ రాత్రీ మేత. వేళ తప్పకూడదు. తట్టల గదిలోంచి వాన పడుతున్నట్టు నమిలే చప్పుడు వీధిలోకి వినిపించేది. ఆ చప్పుడు మధ్య ఆమె మాత్రం అందరూ తిన్నాక మిగిలిన సంగటి అడుగున నీళ్ళు పోసుకుని తాగేది. పురుగుకు ఆకు వాడిపోయిందేమోనని అత్త వాసన చూసి మరీ వేయించేది. కోడలు తిన్నదో లేదో చూసిన పాపాన పోలేదు. ఈ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు పళ్ళు పటపటమంటాయి.

ఒకరోజు అరుగు మీద నిలదీశాను.

"పెద్దమ్మా, కోడలికి కడుపునిండా ఏల పెట్టరు?"

"పెట్టి సంపమంటావా?" అందామె. "బిడ్డ లోపల పెద్దదయితే తల్లిని చీల్చుకోని వస్తాది. నా చెల్లెలికి మా అమ్మ గారాబంగా పెట్టింది. పాలు, నెయ్యి, గుడ్లు. మూడు దినాలు నొప్పులు పడి నా ఒళ్ళోనే పోయింది. నా చీరంతా నెత్తురు. నీకేం తెల్సు? పుస్తకం సదివినావు. చిన్న బిడ్డయితే సులువుగా వస్తాది. కోడలు దక్కితే చాలు నాకు. బిడ్డలు ఇంగా పుడతారు."

ఆమెది పిసినారితనం కాదని అప్పుడు తెలిసింది, భయం. భయంతో పోట్లాడటం ఎలాగో నాకు రాదు. అయినా పోట్లాడాను. ఆమె మళ్ళీ చేట ఎత్తింది.

ఇక లాభం లేదని దొంగదారి పట్టాను. కోడలు ఆకు కోయడానికి మల్బరీ తోటకు వచ్చేది. నేను మూత ఉన్న సత్తు క్యారియర్లో జావ పోసుకుని, చెరువు కాలువ గట్టు వెంబడి వెళ్ళి ఆమెకు ఇచ్చేదాన్ని. మొదటి రోజు ఆమె గిన్నె వంక చూసి అడిగిన మాట ఒక్కటే.

"వేరుశనగలు ఉండాయా అక్కా దీంట్లో? నూనె వాసన చేతికి పట్టుకుంటే పురుగు తినదంట."

"చేయి తగలకుండా ఎత్తిపోసుకో. ఆ తర్వాత కాలువలో కడుక్కో."

అలాగే ఎత్తి గటగటా తాగింది. గొంతులోకి దిగుతుంటే కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఆకలంటే ఏమిటో ఆ గొంతు చూస్తే తెలిసేది. ఆ తర్వాత రోజూ తాగింది. మెడ గుంటలు కాస్త పూడాయి. "లోపల తంతా ఉండాది అక్కా" అని ఒకరోజు నా చేయి లాక్కుని పొట్ట మీద పెట్టుకుంది. నిజంగానే తన్నింది. ఆ ఊళ్ళో నాకు తగిలిన దెబ్బల్లో నేను సంతోషపడింది ఆ ఒక్కదానికే.

పురుగులు మేత మానేసి తలలెత్తి కదలకుండా పడుకుంటాయి, పాత చర్మం వదిలేముందు. దాన్ని అక్కడ జ్వరం అంటారు. నాలుగో జ్వరం దాటిందంటే ఇంక బకాసురుడి తిండి, ఆ తర్వాత గూడు కట్టడమే. నాలుగో జ్వరం దాటింది. అప్పుడే ముసురు పట్టింది. తడి ఆకు వేయకూడదు, కానీ ఆరేదాకా పురుగు ఆగదు. అత్తే తడి ఆకు గుడ్డతో తుడిచి వేయించింది. వాన వెలిసిన రోజు ఆ ఇంట్లోంచి నమిలే చప్పుడు ఆగిపోయింది.

పాల రోగం. పురుగు ఉబ్బి, తెల్లబడి, తాకితే చర్మం చిట్లి పాలలాంటి నీరు కారుతుంది. తట్టలకు తట్టలు అలాగే పోయాయి. కొడుకు వాటిని వీధిలోకి విసిరికొట్టాడు. దోసిళ్ళకొద్దీ పురుగులు మట్టిలో మెలికలు తిరుగుతుంటే కాలితో తొక్కాడు. ఇంటి వెనక గుంత తవ్వి, బతికినవాటిని, చచ్చినవాటిని కలిపి పారతో తోసి సున్నం చల్లాడు. సున్నం పడ్డచోట అవి ఇంకా కదులుతున్నాయి. మోకాళ్ళ దాకా ఆ తెల్ల నీళ్ళతో నిలబడి వాడు ఆకాశాన్ని, వానను, దేవుళ్ళను పచ్చిగా తిట్టాడు. తిట్టడానికి ఇంకెవరూ మిగలనప్పుడు ఎవరో చెప్పారు, నీ పెళ్ళాం తోటలో టీచరమ్మ దగ్గర ఏదో తింటోందని.

నేను తోటలోనే ఉన్నాను. ఆమె గిన్నె ఎత్తి తాగుతోంది. వాడు పార భుజాన వేసుకుని గట్టు మీదికి వచ్చాడు.

"ఏం తింటా ఉండావే?"

ఆమె గిన్నె దించలేదు. భయంతో దించలేదో, ఆకలితో దించలేదో నాకిప్పటికీ తెలియదు. వాడు గిన్నె తన్నాడు. జుట్టు పట్టి వంచాడు. గిన్నెలో మిగిలిన పిండిని వేలితో తీసి వాసన చూశాడు.

"శనక్కాయ నూనె! ఈ చేత్తోనేనా తినింది? ఈ చేత్తోనేనా నా పురుగులకు ఆకేసింది?"

"చేయి కడుక్కునే ఏసినానప్పా, నీ కాళ్ళు మొక్కుతా..."

ఆమె కుడిచేతిని గట్టు మీది రాయికి అదిమిపెట్టి పార తిరగేసి కొట్టాడు. ఎండుపుల్ల విరిచిన చప్పుడయింది. ఆమె రెండో చేయి పొట్టకు అడ్డం పెట్టుకుని పక్కకు ఒరిగింది. వాడు పార మళ్ళీ ఎత్తాడు. ఆ దెబ్బ ఎక్కడ పడేదో నేను ఆలోచించలేదు. ఇంకా సగం జావ ఉన్న క్యారియర్ పిడి పట్టుకుని వాడి చెవి మీద బలమంతా పెట్టి కొట్టాను. వేడి జావ వాడి ముఖమంతా పడింది. ఇంకోటి కొట్టాను, ఇంకోటి. వాడు పార వదిలేసి నన్ను కాలువలోకి తోసి, డొక్కలో తన్నాడు. బురదనీళ్ళు మింగుతూ కూడా నేను వాడి కాలు వదల్లేదు, పిక్క కొరికాను. నోట్లో ఉప్పగా నెత్తురు తగిలింది. వాడిని చంపేయాలని నాకు నిజంగా అనిపించింది. చేతిలో పార ఉండి ఉంటే ఏం చేసేదాన్నో చెప్పలేను.

ఆకు కోసేవాళ్ళు వచ్చి విడదీశారు. వాడు అంతటితో ఆగలేదు. నలుగురిని వెంటేసుకుని కేంద్రానికి వెళ్ళి, పుష్టిపిండి బస్తాలు కత్తితో కోసి, ఆ పురుగుల గుంతలోనే కుమ్మరించాడు. గిన్నెలు రాళ్ళతో నలగ్గొట్టాడు. ఊరి పెద్దలు చూస్తూ నిలబడ్డారు. "ఇంటి యవ్వారంలో నువ్వేల దూరినావమ్మా" అని నాకే చెప్పారు.

ఆకు కోసేవాళ్ళు కోడలిని నడిపించుకొచ్చేసరికి ఆ గుంత దగ్గరికి అత్త వచ్చింది. కోడలి చేయి చూసింది. మణికట్టు పైన వంగకూడని చోట వంగి ఉంది. ఆమె ఇంట్లోకి పోయి అదే చేట తెచ్చి, కొడుకును ముఖం మీద, వీపు మీద, చేట చిరిగిపోయేదాకా కొట్టింది.

"చేయి ఇరగ్గొట్టినావు గదరా పాపిష్టోడా! ఆ చేయే గదరా మనకు కూడు పెట్టేది! వచ్చే పంటకు ఆకు ఎవురేస్తారు, మీ తాత లేసొచ్చి ఏస్తాడా?"

ఆమె ఏడ్చింది చేతి కోసం. మనిషి కోసం కాదు, లోపలి బిడ్డ కోసం అసలే కాదు. నేను తడిచీరలో నిలబడి అది విన్నాను.

ఫిర్యాదు ఇద్దాం పద అన్నాను కోడలితో. "గట్టు మీద జారి పడినానని చెప్తానక్కా" అంది. మా నాన్న నా డొక్క మీది కమిలిన మచ్చ చూసి, "ఉద్యోగమూ వద్దు, ఊరుద్ధారణా వద్దు, ఇంట్లో పడుండు" అన్నాడు. అమ్మ కొబ్బరినూనె కాచి రాసింది. రాస్తూ, "వాణ్ణి బాగా కొట్టినావా?" అని అడిగింది. కొట్టానన్నాను. నడవగలిగిన రోజున మళ్ళీ బస్సెక్కాను.

వెళ్ళేసరికి ఎదురింట్లోంచి వెల్లుల్లి తిరగమోత ఘాటు గుప్పున కొట్టింది. పురుగులు పోయాయి కదా, కట్టడి లేదు. మేక కాళ్ళు ఉడుకుతున్న వాసన. నాకేమీ అర్థం కాక గడప దగ్గరికి పోయాను. ఈసారి ఎవరూ కొట్టలేదు.

చిత్తూరు వైపు నుంచి కట్టు కట్టే మనిషి వచ్చి, ఎముక సరిచేసి, ఆకు పసరు, గుడ్డు సొన పూసి, వెదురు బద్దలతో కట్టు కట్టి పోయాడట. పోతూ పోతూ కట్టు కట్టేవాళ్ళంతా చెప్పే మాటే చెప్పాడు. ఎముక అతకాలంటే దినమూ గుడ్డు తినాల, కాళ్ళ రసం తాగాల, రాగిముద్ద కడుపునిండా పెట్టాల. లేదంటే చేయి వంకరే.

అత్త ఆ మాట వేదంలాగా పట్టుకుంది. కోడలి కుడిచేయి కట్టులో ఉంది కాబట్టి తానే కలిపి నోటికి అందిస్తోంది. రాగిముద్ద కాళ్ళ రసంలో ముంచి, ఇంతింత ముద్దలు. కోడలు చాలంటే కసురుతోంది.

"తినే. చేతికి తిను. కడుపుకు కాదు."

నేను అరుగు మీద కూలబడ్డాను. నవ్వాలో, ఆమె జుట్టు పట్టుకుని గోడకు కొట్టాలో తెలియలేదు. ఇన్నాళ్ళు గొంతు చించుకుని నేను చెప్పిందీ ఇదే కదా!

కొన్నాళ్ళకు ఆవిడే సత్తు గిన్నె పట్టుకుని మా కేంద్రానికి వచ్చింది. కొత్త బస్తాలు అప్పుడే దిగాయి.

"టీచరమ్మా, నీ పిండి ఎముకకు మంచిదంట గదా?"

"మంచిదే పెద్దమ్మా."

ఆమె గొంతు తగ్గించింది. "బిడ్డకు పోదు గదా? బిడ్డ పెరగదు గదా?"

నేను ఆమె కళ్ళలోకి చూసి చెప్పాను. "ఒక్క నలుసు కూడా పోదు. నోట్లో పడిందంటే నేరుగా చేతికే."

గిన్నె నిండా గుట్టగా పోశాను. ఆవుకు పెడితే ఎముక మళ్ళీ విరుగుతుందని కూడా చెప్పాను. ఆ అబద్ధానికి నాకు ఇసుమంతైనా సిగ్గు లేదు.

కాన్పు కష్టమైంది. ఒక పగలంతా నొప్పులు. అత్త గోడకేసి తల బాదుకుంటూ, "బిడ్డ పెద్దదయింది, సంపేసినారు, నా చెల్లెలి లాగానే సంపేసినారు" అని నన్ను చూసి అరిచింది. బేతమంగళ నుంచి నర్సును తీసుకొచ్చి నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. లోపల ఆమె అరుపు, బయట ఈమె అరుపు. ఒకవేళ ఈమె మాటే నిజమైతే? మొత్తానికి పొద్దు వాలేముందు ఆడబిడ్డ పుట్టింది. ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. బొద్దుగా, గుప్పిళ్ళు బిగించి, ఎవరి మీదికో యుద్ధానికి వచ్చినట్టు ఏడ్చింది. తల్లి బతికింది. అత్త లోపలికి పోయి కోడలి ముఖం నిమిరి, చెల్లెల్ని పిలిచి గట్టిగా ఏడ్చింది.

ఆ తర్వాత ఆ ఊరు మారిందని పైవాళ్ళు నన్ను మెచ్చుకున్నారు. బంగారుపేటలో మీటింగు పెట్టి, అంత మొండి ఊళ్ళో గర్భిణులకు తిండి పెట్టించడం ఎలా సాధ్యమైందో నలుగురికీ చెప్పమన్నారు. మైకు ముందు నిలబడితే నాకు ఆ గట్టు మీది రాయి, పార, ఆ చప్పుడు గుర్తొచ్చాయి. శుభ్రం గురించి ఏదో చెప్పి దిగిపోయాను.

పురుడు వెళ్ళాక ఒకరోజు ఆమెను చూడటానికి పోయాను. ఎండలో కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. కట్టు విప్పేశారు. చేయి అతికింది కానీ కొంచెం వంకర, రెండు వేళ్ళు ముడుచుకోవు. కొత్త పురుగులకు ఇప్పుడు అత్తే ఆకు వేస్తోంది. మొగుడు వాకిట్లో తట్టలు కడుగుతున్నాడు, మధ్యమధ్య బిడ్డను చూసి పళ్ళికిలిస్తున్నాడు. వాణ్ణి చూస్తే నా డొక్క మళ్ళీ సలిపింది.

"నొప్పి ఉందా?" అన్నాను.

"ముసురు పడితే లాగుతాది అక్కా." ఆమె బిడ్డ బుగ్గ మీద ఆ వంకర చేయి పెట్టి నిమిరింది. తర్వాత, కోపం లేకుండా, ఏడుపు లేకుండా, అంగడి సంగతి చెప్పినట్టు చెప్పింది.

"ఆయప్ప నా చేయి ముందే ఇరగ్గొట్టింటే, ఆ ఇద్దురు కూడా బతికేవాళ్ళు గదక్కా."